కొండమీది చుక్క

సర్వర్ గది తెరమీద కొండమీది చుక్క ఎర్రగా వచ్చింది.

చిట్టి మొదట దాన్ని గమనించలేదు. పేజీ తెరుచుకుందా, పటం కుదురుగా నిలిచిందా, కిందనున్న స్లైడర్లు వేలికి కదులుతున్నాయా అన్నదే చూసుకుంటోంది. రెండు పూటలుగా అది తెరుచుకోక సతాయిస్తోంది మరి.

"వచ్చేసిందమ్మా మీ బిడ్డ. ఒక కోడ్ లైబ్రరీని పిలిస్తే ఇంకోటి అలగడం. చుట్టాలకంటే అన్యాయంగా ఉన్నాయి ఇవి," అన్నాడు స్వెటర్ బాబాయ్.

ఆయన అసలు పేరు ఆఫీసులో ఎవరూ వాడరు. యంత్రాలు వేడెక్కకుండా ఏడాది పొడుగునా చలి పెట్టి ఉంచే గదిలో ఆయన ఉద్యోగం. బయట ఎండ నిప్పులు చెరుగుతున్నా మోచేతుల దగ్గర చిరుగుపట్టిన ఆ స్వెటర్‌తోనే భోజనానికి వస్తాడు.

ఇన్నాళ్ళూ అది చిట్టి కంప్యూటర్లో ఉన్న ఒక నోట్‌బుక్. పైనుంచి కిందికి వరసగా గడులు. ఒక గడిలో నాలుగు మాటలు, తర్వాతి గడిలో నాలుగు ఆదేశాలు, వాటికింద ఫలితంగా ఒక పట్టికో పటమో. ఏ గడి కావాలంటే ఆ గడిని నడిపించుకోవచ్చు, దిద్దుకోవచ్చు, వద్దనుకుంటే కొట్టేసుకోవచ్చు. ఇప్పుడు దాన్ని ఆరోగ్య శాఖ సర్వర్‌మీదికి ఎక్కిస్తే ఆదేశాలు వెనక్కి తప్పుకుని, పటమూ స్లైడర్లూ మాత్రం జనానికి కనిపిస్తాయి. ఊళ్ళోని వార్డు క్లినిక్కులన్నీ పటంమీద చుక్కలు. మూస్తే జనానికి నడక మరీ దూరమయ్యేవి, అంటే ఉంచవలసినవి పచ్చగా, మూసెయ్యవలసినవి ఎర్రగా. జనాభా ఇంకొంచెం పెరిగితే, మనుషుల నడక ఇంకొంచెం నెమ్మదైతే ఏమవుతుందో ఎవరి ఫోన్లో వాళ్ళు స్లైడర్ జరుపుకుని చూసుకోవచ్చు. శుక్రవారం జరిగే బహిరంగ సమావేశంలో డైరెక్టర్ దీన్ని గోడమీద చూపిస్తుంది.

"బాబాయ్, ఇది తప్పు చూపిస్తోంది. కొండది పచ్చగా ఉండాలి," అంది చిట్టి.

"మీరిచ్చిందే ఎక్కించాను. నేను రంగులెయ్యలేదు."

చిట్టి తన లాప్‌టాప్ తెచ్చి ఆ తెర పక్కన పెట్టింది. అదే ఫైలు, అవే గడులు. ఇక్కడ పచ్చ, అక్కడ ఎరుపు. పక్కపక్కన పెట్టేసరికి ఒకటి అబద్ధమాడుతున్నట్టే ఉంది. ఏది ఆడుతోందో చిట్టికి వెంటనే తెలిసింది. తెలిసినా ఇంకాసేపు తెలియనట్టే గడులన్నీ పైనుంచి కిందికి చదివింది.

సర్వర్ దగ్గర దాపరికం ఉండదు. మొదటి గడినుంచి చివరి గడిదాకా కాగితంమీద ఉన్నదే చదువుతుంది, ఉన్నదే చేస్తుంది. చిట్టి లాప్‌టాప్ అలాంటిది కాదు. సాయంత్రం మూత వేసి ఇంటికి తీసుకెళ్ళడం, పొద్దున మూత తీసి పని అందుకోవడమే తప్ప ఆ నోట్‌బుక్‌ని పూర్తిగా ఆపి మళ్ళీ మొదలుపెట్టి చాలా కాలమైంది. అలా నడుస్తున్నంతసేపూ, ఎప్పుడో నడిపించి కొట్టేసిన గడి కనపడకుండా పోతుందిగానీ అది చేసిన పని పోదు. ఇచ్చేముందు ఒకసారి ఆపి, మొదటినుంచి నడిపించి చూసుకోండి: శిక్షణకు వచ్చిన వాళ్ళకు చిట్టి చెప్పే మొదటి జాగ్రత్త అదే.

లాప్‌టాప్‌లో కొత్త గడి తెరిచి, కొండ వార్డుకి నడక గుణకం ఎంతో, అంటే అక్కడి దూరాన్ని ఎన్ని రెట్లుగా లెక్కిస్తోందో చెప్పమని అడిగింది. రెండు అంది అది. మిగతా వార్డులన్నిటికీ ఒకటి. ఆ రెండు అన్న మాట ఫైలు మొత్తం గాలించినా ఎక్కడా లేదు.

"ముడుచుకుపోతున్నారే. చలికి కొత్తవాళ్ళంతా ఇంతే," అన్నాడు బాబాయ్, కుర్చీ వెనక వేలాడుతున్న శాలువా తీసి ఆమె ఒళ్ళో పడేస్తూ.

*

ఇంటికి వచ్చేసరికి వదిన బకెట్లో వేడినీళ్ళు పోసుకుని అందులో పాదాలు పెట్టుకు కూర్చుంది. ఒళ్ళో పళ్ళెం, పళ్ళెంలో బీన్స్. చూడకుండానే వేళ్ళతో తుంచుతోంది.

"రావమ్మా లెక్కలమ్మా. ఫ్లాస్కులో టీ ఉంది. నాకూ కాస్త పొయ్యి, లేవలేను."

అన్నయ్య పోయాక ఆ ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. వదినా ఆడపడుచూ ఒక ఇంట్లో తన్నుకోకుండా ఎలా ఉంటున్నారని పక్కింటావిడ అడిగితే, తన్నుకోవడానికి తీరిక దొరకడం లేదండి అని చెప్పే మనిషి వదిన. కొండమీది క్లినిక్కులో నర్సు. పొద్దున ఎక్కుతుంది, సాయంత్రం దిగుతుంది.

"మా డాక్టర్ ఇవాళ కిటికీలకి కొత్త పరదాలు కుట్టిస్తానన్నాడు," అంది వదిన. "ఏ రంగు వెయ్యాలీ అని అడిగితే, పచ్చ వెయ్యండి, మా ఆడపడుచు కంప్యూటర్లో మనం పచ్చ అన్నాను. అంతా ఒకటే నవ్వు. ఆయా అయితే నీ ఆడపడుచుకి దిష్టి తియ్యాలంది."

"అందరికీ చెప్పేశావా?"

"చెప్పక? నెలల తరబడి బిక్కుబిక్కుమంటూ ఉన్నారు పాపం." వదిన ఒక పాదం పైకి తీసి చూసుకుంది. మడమ పైన వాపు మీద వేలు పెడితే గుంట పడి చాలాసేపు అలాగే ఉంది. "అన్నట్టు పెద్దాసుపత్రి నుంచి ఫోను. ఆ కుర్చీ ఉద్యోగం ఇంకొకావిడకి ఇచ్చేశారట. నేను వద్దన్నందుకు ఎంత మర్యాదగా మాట్లాడారో. ఇచ్చుకోనీ. రోజంతా కూర్చుని చీటీలు రాసే పని నాకెందుకు?"

ఆ కుర్చీ వస్తుందన్నప్పుడు ఇదే గదిలో, ఇదే బల్ల దగ్గర వదిన అడిగింది: మా క్లినిక్ ఉంటుందా చిట్టీ, ఉండదంటే చెప్పు, ఇప్పుడే ఒప్పేసుకుంటాను. చిట్టి నోటితో ఏమీ అనలేదు. లాప్‌టాప్ ఆమె వైపు తిప్పి పచ్చ చుక్క చూపించింది.

"మాటాడవేం? ఆఫీసులో ఎవరైనా ఏమైనా అన్నారా?"

"ఏం లేదు. ఆ సర్వర్ గదిలో చలి పట్టింది."

"ఇలా రా, నీళ్ళింకా వేడిగానే ఉన్నాయి. పెట్టు కాళ్ళు."

చిట్టి ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుని కాళ్ళు పెట్టింది. బకెట్ చిన్నది. వదిన పాదాలు చప్పున అంచుకి జరిగి చోటిచ్చాయి. క్లినిక్ మూస్తే అక్కడి నర్సులను ఊరూరా తిరిగే టీకాల వ్యాన్‌మీదికి పంపుతారు. ఆ వ్యాన్‌లో కూర్చునే చోటు డ్రైవరుకి తప్ప ఎవరికీ ఉండదు.

*

మర్నాడు ఆఫీసులో లాప్‌టాప్ తెరిచి, నడుస్తున్న నోట్‌బుక్‌ని ఆపేముందు దాన్ని ఒకటి అడిగింది. మొదలుపెట్టినప్పటినుంచీ తను దానిచేత ఏమేం చేయించిందో వరసగా చెప్పమంది. అది గుర్తున్నంతా తెరమీద పోసింది.

పరాయివాళ్ళ సామాను వెతుకుతున్నట్టే అనిపించింది. ఎక్కడెక్కడ అక్షరం తప్పు కొట్టింది, ఎన్నిసార్లు ఒకే పట్టికను తెరిచి చూసింది, అన్నీ ఉన్నాయి. మధ్యలో ఎక్కడో ఒక్క పంక్తి: కొండ వార్డు గుణకం రెండు. దానికింద పటం గీయమన్న ఆదేశం. మళ్ళీ అదే పటం. మళ్ళీ అదే. ఏమీ మార్చకుండా ఒకే పటాన్ని వరసగా గీయించుకుంది. అంటే చూస్తూ కూర్చుంది. తర్వాత ఇంకేదో పని. గుణకాన్ని తిరిగి ఒకటి చేసినట్టు ఎక్కడా లేదు.

ఆ రోజు గుర్తు తెచ్చుకోవాలని చూసింది. ఒక ముసలావిడ ప్రతి మలుపు దగ్గరా మెట్టుమీద కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుని క్లినిక్కుకి వస్తుందని ముందురోజు వదిన చెప్పింది. దూరాలన్నీ పటంమీద బల్లపరుపుగా కొలిచినవి కదా, కొండకి ఎత్తు కలిపితే ఎలా ఉంటుందో అనుకుంది. కలిపింది. పచ్చబడింది. ఎవరూ కొలవని అంకె కనక గడి కొట్టేసింది. అంతవరకూ ఎవరికైనా చెప్పుకోవచ్చు. కానీ కొట్టేసినంతమాత్రాన పని పోదని తెలిసిన మనిషి, దాన్ని ఎందుకు అలా వదిలేసింది? మరిచిపోయిందా? మరిచిపోవాలని మరిచిపోయిందా? చెయ్యి చేసినదంతా యంత్రం రాసుకుంది. ఆ చెయ్యి వెనక ఏముందో అది రాసుకోలేదు. చిట్టి కూడా రాసుకోలేదు.

ఒక గడి తెరిచి ఆ పంక్తిని మళ్ళీ టైపు చేసింది. ఒక్క పంక్తి. సర్వర్‌మీదికి వెళ్తే వెనక్కి తప్పుకునే వందల పంక్తుల్లో ఒకటి. ఎవరూ చూడరు. వదిన చెప్పిన పచ్చ పరదాలు వచ్చేస్తాయి. వేలు కాసేపు మీటమీదే ఉండిపోయింది. తర్వాత ఆ పంక్తిని చెరిపి, లేచి డైరెక్టర్ గదికి వెళ్ళింది.

డైరెక్టర్ గ్లాసులో వేడినీళ్ళు ఊదుకుంటూ తాగుతోంది. గొంతు బాగాలేదు. రోజూ ఏదో ఒక వార్డువాళ్ళు వచ్చి అరుస్తుంటే సమాధానం చెప్పీ చెప్పీ బొంగురుపోయింది.

"మేడమ్, కొండ వార్డుకి ఎత్తు మనం లెక్కలోకి తీసుకోలేదు. నడక దూరం సగానికి సగం తక్కువొస్తోంది."

"సగం అని ఎవరు కొలిచారు?"

"ఎవరూ కొలవలేదండి."

"ఊళ్ళో అదొక్కటే కొండా?"

"కాదు. ఇంకా ఉన్నాయి. అన్నీ కొలవాలి."

"శుక్రవారంలోగా?" డైరెక్టర్ గ్లాసు కింద పెట్టింది. "మీ వదినగారు పనిచేసేది అక్కడేగా?"

"అవునండి."

"మీమీద నాకు అనుమానం లేదమ్మా. అనుమానపడేవాళ్ళు అడుగుతారు, అప్పుడు మీరేం చెప్తారు, నేనేం చెప్తాను? అయినా నడక స్లైడర్ పెట్టారుగా. నెమ్మదిగా నడిచేవాళ్ళు నెమ్మదికి జరుపుకుని చూసుకుంటారు."

"జరుపుకుంటే క్లినిక్ ఉంటుందా మేడమ్?"

"నిర్ణయం మనం మొదట పెట్టిన లెక్కమీదే. చూసుకోవడం మటుకు వాళ్ళ హక్కు."

ఆమె వెటకారంగా అనలేదు. నిజంగానే నమ్మి, గొంతు నొప్పితో, ఓపిగ్గా అంది. చిట్టి తన బల్ల దగ్గరికి వచ్చి నోట్‌బుక్‌ని ఆపి, మొదటినుంచి నడిపించింది. పటం ముక్కముక్కగా గీసుకుంటూ వచ్చింది. కొండమీది చుక్క ఇక్కడ కూడా ఎర్రగా వచ్చి కూర్చుంది.

*

వదిన యూనిఫాం ఇస్త్రీ చేస్తుంటే చెప్పింది. ఎదురుగా నిలబడలేక గుమ్మానికి ఆనుకుని చెప్పింది. గడులు, కొట్టేసిన గడి, పోకుండా ఉండిపోయిన రెండు, సర్వర్, డైరెక్టర్. వదినకి అర్థమయ్యేలా చెప్పాలని మొదలుపెట్టి, మధ్యలో శిక్షణ తరగతి గొంతు వచ్చేసి, సిగ్గుపడి ఆగిపోయింది.

వదిన చొక్కా కాలరు తిప్పి రెండోవైపు కూడా ఇస్త్రీ చేసింది.

"అంటే ఎరుపే."

"అవును వదినా."

"పరదాల గుడ్డ కొనేశాడో ఏమో మా డాక్టర్. పొద్దున్నే చెప్పాలి." చొక్కా మడిచి పక్కన పెట్టింది. ఇంకొకటి తీసింది. "ఆ రెండు నువ్వే వేశావా?"

"నేనే."

"తెలిసే?"

"ఊరికే, ఎలా ఉంటుందో చూద్దామని."

ఇస్త్రీపెట్టె ఎత్తి నిలబెట్టి, వదిన మొదటిసారి తలెత్తి చూసింది. "నాకోసం వేశావా?"

చిట్టి ఎదురుచూసింది కోపం కోసం. కనీసం, ఆ కుర్చీ పోగొట్టావు కదే అన్న మాట కోసం. దానికి ఏం చెప్పాలో దారి పొడుగునా అనుకుంటూ వచ్చింది. ఈ ప్రశ్నకి అనుకోలేదు. వదిన కళ్ళు కోపంగా లేవు. ఏదో చేతికి ఇస్తారని చూస్తున్నట్టు ఉన్నాయి.

అవునంటే? చేసింది తప్పుడు లెక్కని ఒప్పుకున్నట్టు. రేపు డైరెక్టర్ అడిగితే, ఎల్లుండి ఇంకెవరో అడిగితే, తనను తాను ప్రశ్నించుకుంటే, అవుననే చెప్పాలి. కాదంటే? ఒకే పటాన్ని మళ్ళీ మళ్ళీ గీయించుకుంటూ కూర్చున్న ఆ మధ్యాహ్నం ఏమైనట్టు? అందులోకి తొంగిచూసింది. లోపల వదిన ఉందో, తన తెలివితేటలను చూసుకుని మురిసిన తనే ఉందో తేలలేదు. తేలనిదాన్ని నిజాయితీగల మనిషి అవునని ఎలా అంటుంది?

"కాదు వదినా. పొరపాటు," అంది.

"సరే," అంది వదిన.

వత్తి తగ్గించినట్టు మొహంలో ఏదో తగ్గింది. ఇస్త్రీపెట్టె మళ్ళీ చేతిలోకి తీసుకుంది. చొక్కామీద ముడత లేనిచోటే రెండుసార్లు తోసింది.

"నేనింకా..." అని ఆగింది.

"ఏంటి వదినా?"

"ఏం లేదు. కూర వేడిగా ఉంది. వెళ్ళి తిను."

చిట్టి వెళ్ళి కూర్చుంది గానీ తినలేకపోయింది. జ్వరం వస్తే పక్కన కూర్చునేది, పరీక్షలప్పుడు లేపేది, ఊరందరికీ సూదులేసి వాళ్ళ తిట్లు తినేది వదిన. ఆమె కోసం ఎవరైనా ఒక గీత దాటారా? ఒక చిన్న తప్పైనా చేశారా? చేశారేమోనని ఆ ఒక్క నిమిషం వదిన ఆశపడింది. క్లినిక్ పోతుందన్నప్పుడు వాడని మొహం ఆ ఆశ పోయినప్పుడు వాడింది. లేచి వెళ్ళి, నీకోసమే వేశాను అని ఇప్పుడు చెబితే? ఇప్పుడది ఓదార్పు అవుతుంది. వదినకి ఓదార్పు ఏదో నిజమేదో పోల్చుకోవడం వృత్తిలో భాగం.

*

శుక్రవారం హాలు నిండిపోయింది. కొండ వాళ్ళంతా ఒకవైపు కూర్చున్నారు, వాళ్ళ మధ్యలో వదిన. చిట్టి వేదికమీద డైరెక్టర్ పక్కన, లాప్‌టాప్ వెనక. పటం గోడంతా పరుచుకుంది.

"మీ ఫోన్లలో కూడా తెరవండి. ఎవరైనా ఏదైనా జరిపి చూసుకోవచ్చు. మా దగ్గర దాపరికం లేదు," అంది డైరెక్టర్.

ముందువరసలో ఊతకర్ర పట్టుకున్న ముసలాయన ఒకాయన లేచాడు. "అమ్మాయ్, దీన్ని జరిపితే మా మెట్లు తగ్గుతాయా?"

హాలు నవ్వింది. డైరెక్టర్ కూడా నవ్వింది.

"మెట్లు తగ్గవు పెద్దాయనా. మీ నడక ఎంత నెమ్మదో చెప్పుకోవచ్చు."

"నా నడక మా ఆవిడ చెప్తుంది, ఎంత నెమ్మదో." ఫోన్ వదినకి ఇచ్చాడు. "నర్సమ్మా, నువ్వు జరుపు. నా వేలు దానికి ఆనడం లేదు."

వదిన ఆయన ఫోన్ రెండు చేతుల్లో పట్టుకుని నడక స్లైడర్‌ని బొటనవేలితో మెల్లగా కొసదాకా జరిపింది. ముసలాయన వంగి చూసి, ఫోన్ లాక్కుని పైకెత్తాడు.

"ఇదిగో, పచ్చబడింది. రాసుకోండి."

"అది మీ ఫోన్లో మాత్రమేనండీ," అంది డైరెక్టర్.

ముసలాయన పక్కవాడి ఫోన్‌లోకి తొంగిచూశాడు. ఎరుపు. వెనక వరస తిరిగి అడిగాడు. ఎరుపే. తన ఫోన్ వంక ఇంకోసారి చూసుకున్నాడు. "అయితే నాది నాకే," అని కూర్చున్నాడు. ఈసారి హాలు ఇంకా గట్టిగా నవ్వింది. వదిన నవ్వలేదు. ఆయన ఊతకర్ర జారిపోతుంటే పట్టుకుని కుర్చీకి ఆనించింది.

ఎత్తు లెక్కలో లేదు అని లేచి చెప్పడానికి చిట్టికి మైకు అక్కర్లేదు, గొంతు చాలు. ఎవరో ఒకరు కొండవైపు నుంచి ఆ మాట అంటారని చూసింది. అంటే తను అవునని తలూపవచ్చు. ఎవరూ అనలేదు. ఆమె చూపు తెరమీదే ఉంచుకుని, డైరెక్టర్ చెప్పిన చోటల్లా బాణం గుర్తు జరుపుతూ కూర్చుంది. మూసే క్లినిక్కుల్లో కొండది కూడా చదివారు.

*

వదినకి వ్యాన్ డ్యూటీ కాగితం వచ్చింది. ఇంట్లో ఇద్దరూ మామూలుగానే మాట్లాడుకుంటున్నారు. ఇంకా మర్యాదగానే మాట్లాడుకుంటున్నారు. టీ పొయ్యమని వదిన అడగడం మానేసింది. లేచి తనే పోసుకుంటోంది.

ఒక సాయంత్రం స్వెటర్ బాబాయ్ ఫోన్ చేశాడు.

"అమ్మా, మీ పేజీ గురించి. తెరిచిన ప్రతి మనిషికీ అది విడిగా ఒకసారి నడుస్తుంది కదా, వాళ్ళు మూసేదాకా సర్వర్‌లో చోటు పట్టుకుంటుంది. సమావేశం అయ్యాక అటువైపు ఎవరూ రావడం లేదు. కానీ ఎవరో ఒకరు తెరిచి మూయకుండా ఉంచేశారు. రోజుల తరబడి అలాగే ఉంది. కొత్త టీకాల పేజీకి నాకు చోటు కావాలి. తెంచెయ్యనా?"

చిట్టి నిలబడ్డచోటు నుంచి వంటగది కనిపిస్తోంది. అక్కడ ఇంకా దీపం వెయ్యలేదు. అలమరలో ఫ్లాస్కుకి ఆనించి నిలబెట్టిన వదిన ఫోన్ వెలుగుతోంది, ఛార్జర్ తీగ వేలాడుతూ. ఆ దారిన నీళ్ళకి వెళ్తూ చిట్టి దాన్ని చూసింది, ఒకసారి కాదు. తెరమీద పటం, కొసదాకా జరిపిన స్లైడర్, కొండమీద పచ్చ చుక్క. వదిన రోజూ దాని ముందు నిలబడి కూరగాయలు కోసుకుంటుంది. ఏమీ జరపదు. ఆరిపోబోతే ఒకసారి వేలితో తాకుతుంది.

"అమ్మా, ఉన్నారా?"

"ఉన్నాను బాబాయ్."

"తెంచెయ్యనా?"

"ఉంచండి."

"ఎవరో తెలుసా?"

"తెలుసు."

"పనేమైనా చేసుకుంటున్నారా అందులో?"

"లేదు. ఊరికే చూస్తున్నారు. ఉంచండి బాబాయ్, నాకోసం. కారణం ఎవరైనా అడిగితే నేనే ఉంచమన్నానని చెప్పండి, రాసిమ్మన్నా రాసిస్తాను. ఇంకోటేదైనా తగ్గించుకోండి, నా మిగతా పేజీలన్నీ తీసేసుకోండి."

ఇంత ఆత్రంగా మాట్లాడటం తనకే వింతగా వినిపించింది.

"అంతగా చెప్పాలా అమ్మా, నేనేదో సర్దుకుంటాను. ఏది తీస్తే చోటొస్తుందో చూడనివ్వండి."

అవతల మీటలు కొడుతున్న చప్పుడు, వెనక యంత్రాల హోరు. చిట్టి గోడకి ఆనుకుని వింటోంది. ఏళ్ళ తరబడి ఎత్తుకు తిరిగినదేదో దించినట్టు భుజాలు తేలికయ్యాయి. చెబుదామనుకుంది వదినకి, ఎలా చెప్పాలో తెలియకపోయినా, ఈ రాత్రికే.

"అక్కర్లేదు లెండి," అన్నాడు బాబాయ్.

"ఏమైంది?"

"ఇప్పుడే పోయింది. వాళ్ళే మూసేసుకున్నారు."

వంటగదిలో అలమర నల్లగా ఉంది. చీకట్లో వదిన ఛార్జర్ తీగ చుడుతున్న చప్పుడు వినిపించింది.